అద్దాల రవికె, అగ్గువ లెన్సు

నా చిన్నప్పుడు నాకు కుదురు తక్కువ. ఉన్న కాస్తా మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, తన పాత కెమెరా ఇచ్చిన రోజున పోయింది. కెమెరా ఇచ్చాడు గానీ లెన్సు ఇవ్వలేదు. ముందర గుండ్రటి కన్నమున్న ఆ పెట్టెను మెడలో వేసుకుని రెండు రోజులు మానుకోట బజారంతా తిరిగాను. ఫోటో తీయమని ఎవరూ అడగకపోవడం ఒక విధంగా మంచిదే అయింది.

పెద్దబాపుకు స్టూడియో ఉండేది. అమ్మకానికొచ్చిన పాత లెన్సులు రెండు బీరువాలో ఉన్నాయి. ఒకటి జానెడు పొడవు, దూరాన్ని దగ్గరకు లాగేది. ఇంకొకటి లడ్డూ అంత, ధరలో సగం. "అగ్గువది తీస్కో బిడ్డా" అన్నాడాయన. నేను మొహం మాడ్చుకున్నాను. పొడుగుది పట్టుకుని బడి ముందు ఎలా నిలబడాలో అప్పటికే ఖాయం చేసుకున్నాను. దేన్ని తీయాలో మాత్రం ఆలోచించలేదు.

"సరే, పొడుగుదే పట్కపో. తండాలున్న అవ్వ ఫోటో అడిగింది, తీస్కరా" అన్నాడు. ఫ్లాషు ఇవ్వలేదు. వెనుకటిసారి ఫ్లాషు వేస్తే అవ్వ లంబాడీ రవికె మీది అద్దాలన్నీ మెరిసి, ఫోటోలో బల్బులు వచ్చాయట, మనిషి రాలేదట. ఆమె కోడళ్లంతా చీరల్లోకి మారారు. ఆ అద్దాల బట్టల బరువు మోయలేక అవ్వ కూడా దసరాకు మారుదామనుకుంది. ఆలోపు ఆ బట్టల్లో ఒక్క ఫోటో కావాలంది.

ఆ రోజు ముసురు. అవ్వ ఇంట్లోనే కూర్చుంది. లెన్సులో చూస్తే ముక్కు, రెండద్దాలు తప్ప ఏమీ పట్టలేదు. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, గడప దాటి వానలో నిలబడ్డాను.

"నన్ను సూసి ఎనుకకు పోతున్నవేంది బిడ్డా? నేనేమన్న గుడ్డెలుగునా?" అని అవ్వ పగలబడి నవ్వింది.

ఆ చీకటి ఇంట్లో పొడుగు లెన్సుకు సరిపడా వెలుతురు అందాలంటే కెమెరా కన్ను కాసేపు తెరిచే ఉంచాల్సి వచ్చింది. అంతసేపూ అవ్వ నవ్వుతూ ఊగుతూనే ఉంది. కడిగి చూస్తే ఫోటోలో అవ్వకు బదులు పొగలాంటి మసక ఉంది. ఇలా అవుతుందని పెద్దబాపుకు ముందే తెలుసు. ఆయన పాఠం నా కోసం. అవ్వకు దానితో సంబంధం లేదు, పాపం.

ఆయన తిట్టలేదు. ఫోటోను కవరులో పెట్టి, "నువ్వే పోయి సూపియ్యి" అన్నాడు. మూడు రోజులు కడుపునొప్పి అన్నాను. అన్నం తింటున్నా, చదువుతున్నా ఆ కవరే. నాలుగో రోజు వెళ్లేసరికి దసరా వచ్చేసింది, అవ్వ చీరలో ఉంది.

ఫోటోను అటూ ఇటూ తిప్పింది. "గిది నేనా, పొయ్యిల పొగనా?"

"తప్పు నాదే అవ్వా. పెద్ద లెన్సయితే గొప్పగుంటదని తెచ్చిన. చిన్నది గూడ తెచ్చిన ఇయ్యాల."

అవ్వ ఫోటోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. వెళ్లిపోవాలా, ఉండాలా తెలియక గడప దగ్గర కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాను. "జర ఆగరాదు! గీ అద్దాల బట్టలు కట్టుకునుడంటే చీర సుట్టుకున్నంత అల్కనా?" అని లోపలి నుంచి కేక వినిపించింది.

చిన్న లెన్సుకు ఆ ఇంటి వెలుగు చాలింది. అవ్వకు ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. ఫోటోలో అవ్వ ముఖం ముడతలతో సహా వచ్చింది. అద్దం అద్దంలోనూ కెమెరా పట్టుకున్న నేను చిన్నగా వచ్చాను.

ఇప్పుడు ఫోటోలు నేర్చుకునే పిల్లలు ఏ లెన్సు కొనాలని అడిగితే, ఎవరిని తీస్తారు, వాళ్లింట్లో వెలుగెంత అని అడుగుతాను. చాలామంది ఫోన్లో ధరలు చూసుకుంటారు. నేను మాత్రం చెడిన ఫోటోను ఇప్పటికీ నేనే తీసుకెళ్లి చూపిస్తాను. మళ్లీ కట్టుకుని వచ్చే అవ్వ ప్రతి ఇంట్లో ఉండదని తెలిసే వెళ్తాను.