మరిగే నీళ్లలో నైట్‌గార్డ్

నిద్రలో పళ్లు కొరికే అలవాటు నాకు వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. దవడ పళ్లు అరిగి పలకల్లా చదునయ్యాయి. ఉద్యోగం మానిన తర్వాత చెవి ముందున్న కీలు కూడా మొరాయించింది. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయేది. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని మింగేవాణ్ని. ఏ రోజు ఎంత నొప్పి ఉందో డైరీలో రాసుకునేవాణ్ని.

పోతిరెడ్డిపల్లి నుంచి మా బావమరిది చూడటానికి వచ్చాడు.

"గీ పరేషాన్ ఎందుకు బావా? అన్నీ పీకిచ్చి నాలెక్క సెట్టు వెట్టిచ్చుకో," అంటూ తన కట్టుడు పళ్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ముందు నోట్లె వెట్టుకోరా. నీ మాటలన్నీ గాలికే పోతున్నయ్," అంది వాళ్ల అక్క, అంటే నా భార్య.

నేను మాత్రం ఒక్క పన్నూ వదులుకోనని గట్టిగా అనుకున్నాను. పటాన్‌చెరులో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అరిగిన వాటికి తొడుగులు వేయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇప్పుడే వేస్తే నిద్రల వాటిని గూడ కొరికి పలగ్గొడ్తరు అంకుల్. ముందు కీలు నెమ్మదివడాలె. పండ్ల పని తర్వాత."

వేడి కాపడం, మెత్తటి తిండి, దవడకు చిన్న కసరత్తు చెప్పింది. పళ్ల అచ్చు తీసుకుని, రాత్రిపూట పై పళ్లకు తొడుక్కునే ప్లాస్టిక్ నైట్‌గార్డ్ చేయించి ఇచ్చింది. చన్నీళ్లతోనే కడగమంది.

మందుల కంపెనీలో నా ఉద్యోగమంతా స్టెరిలైజేషన్ విభాగంలోనే గడిచింది. వేడి తగలని వస్తువు శుభ్రమైందంటే నా మనసు ఒప్పదు. మొదటి రోజు పొద్దున్నే గార్డ్‌ను గిన్నెలో వేసి స్టవ్ మీద మరగబెట్టాను. తీసి చూస్తే ఎండిన చింతకాయ తొక్కలా మెలికలు తిరిగి ఉంది.

నా భార్య గిన్నెలోకి తొంగిచూసింది. "గార్డును ఉడకవెట్టిన్రా? ఉప్పేసిన్రా మరి?"

సంగతి తెలిసి బావమరిది ఫోన్ చేశాడు. "దేవుడే చెప్తుండు బావా, పీకిచ్చుకో అని!"

"దేవుడు చెప్పిండో లేదో గని, డాక్టరమ్మ అయితే చన్నీళ్లని చెప్పింది. ఇంకోటి చేపిచ్చుకుంట," అన్నాను.

ఆ రోజే బస్సెక్కి వెళ్లి మళ్లీ అచ్చు ఇచ్చి వచ్చాను. కొత్త గార్డ్ ఒక్క రాత్రీ మానలేదు. కాపడం, కసరత్తు కూడా భోజనంలాగే వేళకు సాగాయి. నొప్పి ఒక్కసారిగా పోలేదు. తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. చలికాలం పోయేసరికి నోరు నిండుగా తెరవగలిగాను.

డాక్టరమ్మ కీలు మీద వేళ్లుంచి పరీక్షించింది. "ఇగ పండ్లకు తొడుగులు వేసుకోవచ్చు అంకుల్. ఒక్కనాడు కాదు, శానాసార్లు రావాలె. అన్నీ అయినంక గూడ గార్డు మానొద్దు. మనసుల వెట్టుకోండ్రి."

"మాన. ఇయ్యాల్నే మొదలువెట్టు అమ్మా," అని కుర్చీలో వెనక్కి వాలాను.