చీటీలో ఉన్నదే చదివిన మనిషి

ఏళ్ల తరబడి ఈ బరువును ‘ఏర్పాటు’ అనే మర్యాదైన పేరుతో మోశాను. మోసం అనడానికి నాకే నోరు రాలేదు.

నాచారంలో కొలత పరికరాల లోపాలు పట్టే ఇంజనీరుని. ఆదివారాలు ఉప్పల్‌లోని ఒక ఇంగ్లీషు శిక్షణ కేంద్రంలో, ముందుగా సిద్ధం కాకుండా సభలో మాట్లాడటం నేర్పేవాణ్ణి. పెట్టెలోంచి చీటీ తీయాలి, అందులోని అంశం పైకి చదవాలి, వెంటనే మాట్లాడాలి. పద్ధతి మంచిదే. నేర్చుకునేవారినే ఈసడించుకునేవాణ్ణి: మాట దొరక్క తేలేసే ఆ కళ్లు, వాక్యానికొక ‘బేసికల్లీ’. ఎందుకంత చులకన? ఒకప్పుడు నేనూ అలాగే తడుముకున్నందుకా?

కొత్తవారిని ఆకర్షించడానికి ప్రదర్శన పెట్టేవాళ్లం. ఒకసారి అందుకోసం ఒక్కొక్కరిచేత ఒక్కో ప్రసంగం బట్టీ పట్టించాను. చీటీలో ఏమున్నా, బట్టీపట్టిన అంశాన్నే పైకి చదవాలి. చీటీని ఎవరు తనిఖీ చేస్తారు?

నేర్చుకునేవారిలో స్వప్న ఒక్కతే ఇదేమిటని అడిగింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ప్రదర్శన రోజు తన మేనేజరును వెంటబెట్టుకొచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడగలిగితే ఆఫీసులో ఫోన్లు చూసే పనికి మారుస్తానన్నాడట.

“సార్, చీటీల ఒకటుంటే ఇంకోటి సదువుమంటున్రేంది?”

“నువ్వు తడుముకుంటుంటే వినే ఓపిక ఎవరికీ లేదమ్మా. చెప్పింది చెయ్యి.”

“నేర్పింది మీరే గద సార్! మల్ల మీకే నమ్మకం లేదా?” అని నవ్వింది.

ఆమెకు చీటీలో ‘వాన’ అని వచ్చింది. దాన్నే చదివింది. అట్టపెట్టెలు తడవకుండా లారీలోకి ఎలా ఎక్కిస్తారో చెప్పింది. ఆగింది, వెతుక్కుంది, మళ్లీ అందుకుంది. కానీ అంతకుముందు అందరూ గడగడా అప్పజెప్పి వెళ్లారు. వారి పక్కన ఆమె మాట కుంటినట్టే వినిపించింది.

“ఈమె గిట్లనేనా సార్?” అన్నాడు మేనేజరు.

“క్లాసులకు సరిగా రాదండి,” అన్నాను, మైకులోనే. సభ నవ్వింది. ఆమె నావైపు చూసింది. మళ్లీ రాలేదు. ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చారని తరువాత తెలిసింది.

చిలకపలుకులకు చప్పట్లు కొట్టిన ఆ జనాన్ని చూస్తే నాకు రోత పుట్టింది. ఆ రోత ఎంత సౌకర్యమో! వారిని అసహ్యించుకున్నంతసేపూ నన్ను నేను చూసుకోనక్కరలేదు.

క్షమాపణ అడిగే అర్హత నాకు లేదు. ఇది మాత్రం నమోదు కావాలి: ఆ రోజుదాకా స్వప్న ఒక్క క్లాసూ మానలేదు. నేను నేర్పిన దాన్ని ఆ సభలో చేసి చూపింది ఆమె ఒక్కతే. అది నాకు తెలుసు, తెలిసే అబద్ధమాడాను.