తొమ్మిదో ఉతుకు

ఆ వీధిలో ఆమెను అందరూ టోపీలక్క అంటారు. ఫిట్స్ వచ్చి ఉన్నట్టుండి పడిపోయే పిల్లలకు తల పగలకుండా, లోపల స్పాంజి పెట్టి టోపీలు కుట్టడం ఆమె పని. మొదటి టోపీ సొంత తమ్ముడికి కుట్టింది. అప్పటికి వాడికి ఏడేళ్లు, ఆమెకు పదిహేను. గడప తగిలి వాడి కనుబొమ చీలిన రోజు నాన్న పాత కోటు విప్పి, భుజాల్లోని మెత్తలు తీసి, దిండుగలీబులో పెట్టి కుట్టేసింది. నాన్న తిడదామని నోరు తెరిచి, వాడి తల చూసి ఊరుకున్నాడు.

ఆ తమ్ముడికిప్పుడు నలభై దాటాయి. అక్క దగ్గరే ఉండి గుడ్డ కత్తిరిస్తాడు. కత్తెర ఆగినా వాడి నోరు ఆగదు.

ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాక చాలా ఏళ్లు ప్యాకింగంతా ఆమే చేసుకుంది. చిరునామా సొంత చేత్తో రాసేది. ప్రతి ప్యాకెట్‌లోనూ తన ఫోన్ నంబరున్న చీటీ పెట్టేది. తల్లులు ఫోన్ చేసేవాళ్లు. టోపీ సంగతి రెండు నిమిషాలు, పిల్లాడి సంగతి అరగంట. పేరు, ఊరు, తల చుట్టుకొలత ఒక పొడుగు పుస్తకంలో రాసుకుని, ఏడాది తిరిగేసరికి తనే పలకరించేది: "తల పెరిగి ఉంటుంది, ఓసారి టేపు పెట్టి చూడమ్మా."

తర్వాత అమ్మకాల కంపెనీ పద్ధతి మారింది. 'రేపటికే అందుతుంది' అన్న గుర్తు లేని సరుకు పేజీలో అట్టడుక్కి పోయింది. ఆ గుర్తు కావాలంటే సరుకంతా ముందే కంపెనీ గోడౌన్‌లో పెట్టాలి. ప్యాకింగు, పంపకం, వాపసు అన్నీ వాళ్లే చూసుకుంటారు.

"రోజూ పార్సెల్ ఆఫీసు మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకుంటున్నావ్. నువ్వు కుట్టు, వాళ్లు మోస్తారు. మహారాణిలా కూర్చో," అన్నాడు తమ్ముడు.

"మహారాణులు మిషను తొక్కుతారట్రా?"

"నీ రాజ్యంలో తొక్కుతారు."

రెండు వందల పన్నెండు టోపీలు సిద్ధం చేశారు. అమ్మేవాళ్ల ఫోన్ నంబరున్న కాగితం ప్యాకెట్‌లో ఉండకూడదని గోడౌన్ నిబంధన. అక్కాతమ్ముళ్లు నేలమీద కూర్చుని ఒక్కో ప్యాకెట్టూ విప్పి, చీటీ తీసి, మళ్లీ అంటించారు. సగం రోజు పట్టింది.

అక్కడినుంచి ఆమెకు కనిపించేవి ఆర్డర్ నంబరు, సైజు, ఊరు. అంతే. కొన్నవాళ్ల పేర్లు లేవు, నంబర్లు లేవు. ఫోన్ మోగడం తగ్గింది. మొదట్లో హాయిగానే ఉంది. కుట్టు పని సాగింది కూడా.

టోపీలక్కకు ఒక అలవాటుంది. ప్రతి విడతలోనూ ఒక టోపీ అట్టేపెట్టుకుని, వారానికోసారి ఇంటి బట్టలతోపాటు ఉతుకుతుంది. పిల్లల చొంగా చెమటా పట్టిన టోపీని తల్లులు ఎలా ఉతుకుతారో అలాగే, గట్టిగా పిండి. ఏడాదిపాటు ఉతికినా ఏ టోపీ ఆమెకు చిక్కు తెచ్చిపెట్టలేదు. గోడౌన్‌కు పంపిన విడతలోది తొమ్మిదో ఉతుకులో పిండుతుంటే చేతికి వేరేగా తగిలింది. బొటనవేలితో నొక్కింది. వేలు అవతల ఉన్న వేలికి తగిలింది. కత్తెర తెచ్చి కుట్లు విప్పితే లోపలి స్పాంజి పచ్చటి పొడై రాలింది. పైగుడ్డ మాత్రం కొత్తదానిలా ఉంది.

స్పాంజి కొట్టతను తేలిగ్గా చెప్పాడు. "పాతది రావడం ఆగిపోయిందమ్మా. ఇది వేరే కంపెనీది. చూడ్డానికి తేడా ఏముంది?"

"చూడ్డానికి లేదు. తలకి తెలుస్తుంది," అంది ఆమె.

గోడౌన్‌లో ముప్ఫై ఒక్కటి మిగిలున్నాయి. నూట ఎనభై ఒక్కటి పిల్లల తలలమీద ఉన్నాయి.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి మాట్లాడింది. "కొన్నవాళ్లు మా కస్టమర్లమ్మా. వాళ్ల వివరాలు మీకివ్వడం కుదరదు."

"మీవాళ్లే తల్లీ, కాదన్నానా? నాకివ్వద్దు. నువ్వే ఫోన్ చేసి, ఆ టోపీ పెట్టొద్దని చెప్పు."

"ఫోన్లు చేసే పద్ధతి లేదమ్మా. మెసేజ్ వెళ్తుంది."

మూడు రోజులకు వెళ్లింది. 'మీరు కొన్న ఒక వస్తువులో నాణ్యతా సమస్య గుర్తించాము. కావాలంటే వాపసు చేయవచ్చు.' అందులో టోపీ అన్న మాట లేదు, తల అన్న మాట లేదు. ఒక్క ముక్క కలపమని ఆమె బతిమాలింది. అది అన్ని వస్తువులకూ ముందే రాసిపెట్టిన మెసేజ్ అట, మార్చలేరట. చివర్లో ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "ఇప్పటిదాకా తెరిచి చూసింది నలభై ఇద్దరమ్మా," అంది.

టోపీలక్క పొడుగు పుస్తకం తీసి మొదటి పేజీనుంచి ఫోన్లు మొదలుపెట్టింది. నాలుగు రోజులు పట్టింది. ఈ విడతలో కొన్నవాళ్లు ఏడుగురు దొరికారు. వాళ్లలో ఒకావిడ టోపీ సంగతి విని అడిగింది: "ఇన్నాళ్లూ ఫోనే లేదేంటక్కా? నామీద కోపమొచ్చిందనుకున్నా."

ఆ మధ్యాహ్నం తమ్ముడు అమ్మకం పేజీ తెరిచి, కొన్నావిడ ఎవరో కొత్తగా రాసిన మెప్పు పైకి చదివాడు. "ఐదు నక్షత్రాలక్కా! 'మొదట్లో బరువుగా ఉండేది. ఉతికేకొద్దీ తేలికైంది. బాబు ఇప్పుడు విసుక్కోకుండా పెట్టుకుని...'" అక్కడ ఆగిపోయాడు. వాడు మాట మధ్యలో ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

టోపీ బొమ్మ కింద వివరాలన్నీ చెరిపేసి, 'ఈ మూడు నెలల్లో కొన్న టోపీ పిల్లలకు పెట్టకండి, నొక్కి చూడండి, నాకు ఫోన్ చెయ్యండి' అని నంబరుతో సహా పెట్టించింది. ఫోన్ నంబరు పెట్టడం నిబంధనలకు విరుద్ధమని సాయంత్రానికల్లా పేజీయే తీసేశారు.

నెల తర్వాత గోడౌన్‌నుంచి అట్టపెట్టె వచ్చింది. అమ్ముడుపోని ముప్ఫై ఒక్కటితోపాటు వాపసొచ్చినవి పదకొండు. ఒక్కోదానిమీద ఆర్డర్ నంబరూ కారణమూ అచ్చేసిన చీటీ ఉంది. సైజు చాలలేదు. రంగు నచ్చలేదు. నాణ్యత బాగాలేదు. అడుగున అన్నిటికంటే చిన్న సైజుది, శుభ్రంగా ఉతికి, గడ్డం కింది పట్టీలు లోపలికి మడిచి పెట్టింది. 'ఇక అవసరం లేదు.'

ఆమె నొక్కి చూసింది. లోపల ఏమీ లేదు.

"తగ్గిపోయి ఉంటుందక్కా. నాకు తగ్గలా?" అన్నాడు తమ్ముడు.

"నీకు తగ్గేసరికి పందొమ్మిదేళ్లురా. ఇది రెండేళ్ల బిడ్డ సైజు."

తమ్ముడు కత్తెర ఎక్కడ పెట్టాడో వెతుకుతున్నట్టు లేచి లోపలికి వెళ్లాడు.

ఆమె ఫోన్ తీసింది. అదృష్టంకొద్దీ ఆ అమ్మాయే పలికింది.

"పేరొద్దు తల్లీ, ఊరొద్దు. ఈ టోపీ వాపసు పంపిన ఇంట్లో బిడ్డ ఎలా ఉందో, ఆ ఒక్కమాట కనుక్కుని చెప్పు."

"చీటీమీది ఆర్డర్ నంబరు చెప్పండమ్మా," అంది ఆ అమ్మాయి.

చీటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో అంకే నిదానంగా చదివింది. అటువైపు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించి, ఆగిపోయింది.

"వాపసు పూర్తయిందని చూపిస్తోందమ్మా. పూర్తయినవి మాకూ తెరుచుకోవు."