మా మేడకు కటాంజనం బిగించిన మామ

మొన్న బుధవారం పొద్దున మా తమ్ముడు మెదక్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, వడ్ల మామ పోయిండు. నిద్రలనే పోయిండు" అన్నాడు. ఫోన్ పెట్టేసి మెదక్ బస్సెక్కాను. ఆయన మాకు చుట్టం కాదు. పక్కింటి వడ్రంగి. తొంభై దాటిన మనిషి పోవడంలో వింతా లేదు. కానీ ఆయన మా ఇంటికి చేసింది మీకు చెప్పకుండా ఉండలేను.

పోలీసు చర్యకు ముందటి వాన నెలలవి. పల్లెల్లో ఇళ్లు తగలబడుతున్నాయని రోజూ వినేవాళ్లం. ఒక సాయంత్రం మా పెద్దక్క కట్టుబట్టలతో, చంకలో ఏడాది పిల్లతో అత్తగారి ఊరి నుంచి మెదక్‌లో మా ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. బావను తుపాకులవాళ్లు పట్టుకుపోయారు. ఉన్నాడో లేడో తెలియదు. మర్నాటి నుంచి అక్క మేడ మీద బాల్కనీ వదల్లేదు. వానకు తడిసినా అక్కడే. వీధిలో ఎవరు నడిచి వచ్చినా కటాంజనం మీదికి వంగి చూసేది.

మా మేడ ముందు గోడ టేకు పలకలది. దానికి ఆనించిన చెక్క కటాంజనం అప్పటికే ఒక పక్క ఊడిపోతే తాడుతో కట్టాం. అమ్మ రోజంతా అక్క కొంగు పట్టుకుని కూర్చునేది. "ఇది జారి పడ్తదో, కావాల్నని దుంకుతదో నాకు సమజైతలేదు" అని ఏడ్చేది. తలుపుకు గొళ్లెం పెడితే అక్క తల బాదుకునేది.

నాయన వడ్ల మామను పిలిచి, పాత పెట్టెల నుంచి పీకిన పిడికెడు మొలలు చేతిలో పోశాడు. మామ ఒకటి కొట్టి, కటాంజనం పట్టి గుంజాడు. మొల ఊడొచ్చింది.

"మొలలు ఆగయి బావా. మనిషి బరువు పడ్డదంటె జారుతయి."

"మరి స్క్రూలు?"

"పలక అంగుళం మందం గూడ లేదు, స్క్రూ దేన్ని పట్టుకుంటది? ఎనుక నిలువు దుంగ ఉంటది. దాంట్ల ఈ దిక్కుకెల్లి ఆ దిక్కుకు బోల్టు దిగాలె. అవుతల బిళ్ల ఏసి నట్టు బిగించాలె. గప్పుడు గోడ ఊడితెనే గిది ఊడుతది."

"దుకాణాలన్ని బందు. పట్నం తొవ్వ బందు. బోల్టులు యాడికెల్లి తేవాలె?"

మామ పలకలు తట్టుకుంటూ పోయి, చప్పుడు నిండుగా వచ్చిన చోట బొగ్గుతో గుర్తు పెట్టాడు. ఇంటికి వెళ్లి, గంట తర్వాత నాలుగు పొడుగాటి బోల్టులతో వచ్చాడు. నూనె, దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయి. ఎక్కడివని మేం అడగలేదు. అడిగే ధ్యాస లేదు. బిగించాక తన ఒళ్లంతా కటాంజనం మీద వేసి ఊపాడు. ఏ పని చేసినా అది ఆయన అలవాటు. "పడితె ముందుగాల నేను పడాలె" అనేవాడు, చివరిదాకా.

మూడో రోజు మధ్యాహ్నం, జోరువానలో గొంగడి కప్పుకున్న మనిషొకడు వీధి మొదట్లో కనిపించాడు. నడక అచ్చం బావదే. అక్క ఒక్క ఉదుటున వంగింది. నడుము దాకా అవతలికి పోయింది. అమ్మా నేనూ ఆమె కాళ్లు పట్టుకుని చెక్కకు ఆనుకున్నాం. ముగ్గురి బరువూ దాని మీదే. అది కదల్లేదు. కింద ఆ మనిషి తలెత్తాడు. బావ కాదు.

సైన్యం లారీలు వచ్చిన వారానికి, ఊరికి పోయి బావ జాడ వెతకాలని నాయన మామను ఎడ్లబండి అడిగాడు.

"బండి నడువది బావా" అన్నాడు మామ.

నాయన వాళ్ల పెరట్లోకి వెళ్లాడు. బండి ఒకచోట, ఇరుసు ఒకచోట పడి ఉన్నాయి. రెంటినీ కలిపే నాలుగు బోల్టులూ లేవు.

మాకు కటాంజనం బిగించిన ఐదో రోజున మామ భార్యకు నెల ముందే నొప్పులొచ్చాయి. వానలో మంచం మీద మోసుకుంటూ దవాఖానకు బయలుదేరారు. తోవలోనే మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. పిల్లవాడు పోయిన సంగతి మాకు తెలుసు. బండి ఎందుకు కట్టలేదో మాత్రం అప్పటిదాకా తెలియదు.

నాయన మామ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పకపోతివి గద బామ్మర్ది. ఇయ్యాలనే తీసి తెస్త."

"తియ్యకు బావా. కాన్పుకు ఇంక నెల ఉన్నది గద, గంతల వేరేటివి దొరుకుతయనుకున్న. పోయినోడు ఎట్లైన రాడు. ఉన్న నీ బిడ్డనన్న ఉండనియ్యి."

తర్వాత ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అయినా ఆయన భార్య మమ్మల్ని చూస్తే ముఖం తిప్పుకునేది. తప్పుపట్టే హక్కు మాకు లేదు. మామ మాత్రం ఎప్పటిలాగే వచ్చి, అక్క కూతురికి నడక బండి చేసిచ్చాడు.

బావ దొరకలేదు. శవమూ దొరకలేదు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో అక్కకు ఎవరూ చెప్పలేకపోయారు. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా నేను చూడలేదు.

మొన్న బుధవారం మధ్యాహ్నానికి నేను మెదక్ చేరాను. మామను వాకిట్లో పడుకోబెట్టారు. అక్క గోడ పట్టుకుంటూ వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. రెండు చేతులూ వాటి మీద పెట్టి, వంగి, ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది. ఆమె ఏడుస్తూ పిలిచింది బావ పేరు.

తమ్ముడు లేపబోయాడు. మామ భార్య చేయి అడ్డం పెట్టింది.

"ఏడ్వనియ్యి" అని, అక్క పక్కన కూర్చుంది.

పాడె ఎత్తడానికి వచ్చిన నలుగురూ తువ్వాళ్లు భుజాన వేసుకుని అలాగే నిలబడ్డారు.