డైనమో వెలుగులో రెండు నీడలు

ఒట్టు పెట్టకూడదని మా గుళ్ళో పాస్టరు గారు చెబుతారు. చిన్నప్పుడు ఒట్టు అన్నందుకు మా నాన్న చేతిలో దెబ్బలు కూడా తిన్నాను. అయినా ఇవాళ పెడుతున్నాను. నా పిల్లల మీద ఒట్టు... నేను చెప్పబోయేది జరిగింది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

ఎనభైల్లో మాట. మా ఊరు నల్లపాడు అవతల, మిరప చేల మధ్య. అప్పట్లో నేను పరిగెత్తేవాణ్ణి. ఈ పొట్ట చూసి మీరు నమ్మరు గానీ, నిజంగానే పరిగెత్తేవాణ్ణి. ఈస్టర్ మర్నాడు మా పల్లెలో యువజన సంఘం వాళ్ళు పరుగు పందెం పెట్టేవారు. గుడి దగ్గర మొదలుపెట్టి, కాలవ గట్టు మీదుగా రైలు గేటు దాకా పోయి, తిరిగి గుడికి రావాలి. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళందరూ వచ్చేవాళ్ళు. సగంమందివి వట్టికాళ్ళే. నాకు మాత్రం బొటనవేలు దగ్గర చిరిగిన కాన్వాసు బూట్లుండేవి. గెలిచినవాడికి స్టీలు బిందె. బిందె సంగతి అటుంచండి... గెలిచినవాణ్ణి గుంటూరులో జిల్లా పోటీలకు తీసుకెళ్ళేవారు. నా కన్నంతా దాని మీదే.

నాకు పరుగు నేర్పింది మా బావ. మా అక్క మార్తమ్మ భర్త, దేవదానం. పత్తి జిన్నింగు మిల్లులో పని. పెళ్ళికి ముందు మా చుట్టుపక్కల ఆయన్ని మించిన పరుగుగాడు లేడట. ఒక పందెంలో అందరికంటే ముందు పోతూ పోతూ, దారి మధ్యలో మూర్ఛ వచ్చి పడిపోయాడట. ఆ రోజుతో పరుగు మానేశాడు. మా ఇంటికి అల్లుడయ్యేటప్పటికే నింపాదిగా నడిచే మనిషి. ఆయన పరిగెత్తగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన వదులుకున్నదంతా నా కాళ్ళతో తెచ్చుకోవాలని ఆయన ఆశ. పైకి అనేవాడు కాదు గానీ నాకు తెలుసు.

మిల్లులో రాత్రి షిఫ్టు దిగి సరాసరి వచ్చేవాడు. ఇంకా చీకటిగానే ఉండేది. నేను ముందు, బావ వెనక సైకిలు మీద. సైకిలుకు డైనమో. చక్రం రాసుకుని గుయ్య్‌మంటూ తిరిగేది. ఆ దీపం వెలుగు నా వీపు మీదుగా రోడ్డు మీద పడేది. నా నీడ నాకంటే ముందు పొడుగ్గా పరిగెత్తేది. వెలుగు మసగ్గా ఉంటే నెమ్మదిగా పొమ్మని అర్థం. పెరిగితే వేగం పెంచమని. నోటితో ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఒకటే కట్టుబాటు... వెనక్కి తిరిగి చూడకూడదు. పందెంలో వెనక్కి చూసినవాడు అక్కడే ఓడిపోతాడని ఆయన నమ్మకం.

అక్కకు అప్పుడు ఆరోనెల. ఒకరోజు దొడ్లోకి పిలిచి చెప్పింది. "ఒరేయ్ తమ్ముడూ, మాత్రలు వేసుకుంటానే ఉన్నాడు గానీ నాకు గుండె దడగానే ఉందిరా. నిద్ర లేకపోతే ఆయనకు మూర్ఛ వస్తది. పక్కనే కాలవ. మీ బావను ఒక కంట కనిపెట్టుకుని ఉండు."

బావేమో వెనక్కి చూడొద్దంటాడు. అక్కేమో చూస్తూ ఉండమంటుంది. నాకు నేనే ఒక దారి చూసుకున్నాను. దీపం వెలగాలంటే చక్రం తిరగాలి. చక్రం తిరగాలంటే బావ తొక్కాలి. కాబట్టి నా ముందు రోడ్డు మీద వెలుగు పడుతున్నంతసేపూ బావ క్షేమం. వెలుగు పోతే ఆగాలి. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఈస్టర్ ఇంకా రెండు వారాలుందనగా... ఆ రోజు. ఆకాశంలో చంద్రుడు లేడు. బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇవాళ వద్దులే బావా, పడుకో అన్నాను. వినలేదు. పందెం దగ్గర పడుతుంటే పడుకోమంటావేంట్రా అని విసుక్కున్నాడు.

గుడి దగ్గర మొదలుపెట్టాను. చిన్న వంతెన దాటాను. దాటిన వెంటనే... వెలుగు ఆరింది. ఒక్క రెప్పపాటు. నా అడుగు తడబడింది. అంతలోనే మళ్ళీ వచ్చింది. సైకిలు గతుకులో పడి ఉంటుందనుకున్నాను. ముందుకు పోయాను.

కాలవ పక్కన మిరప కల్లాలు. కాయలు ఎండబోసి, రాత్రిళ్ళు రైతులు అక్కడే కాపలా పడుకునేవాళ్ళు. ఆ ఘాటు మీకు తెలుసుగా. గొంతులో పట్టేసింది. దగ్గాను. మళ్ళీ దగ్గాను. వెనకనుంచి దగ్గు రాలేదు... బావకు మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఛాతీ పాడైంది. ఆ కల్లాల దగ్గరకు వచ్చేసరికి రోజూ నాకంటే ఎక్కువ దగ్గేవాడు. ఆ రోజు లేదు. తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడేమో అనుకున్నాను. అన్నిటికీ నేనే ఏదో ఒక జవాబు చెప్పుకుంటున్నాను.

వెలుగు పెరిగింది. వేగం పెంచాను. ఇంకా పెరిగింది. ఇంకా పెంచాను. చెబితే నమ్మరు... నా జన్మలో అట్లా పరిగెత్తలేదు. ఆయాసం లేదు. పిక్కల్లో నొప్పి లేదు. రోడ్డు మీద ప్రతి రాయీ కనిపిస్తోంది. ఈ ఏడు పందెం మనదే బావా అని లోపల పొంగిపోతున్నాను.

అప్పుడు గమనించాను. ఆ సైకిలుకు వెనక మడ్‌గార్డు వదులు. గతుకు వచ్చినప్పుడల్లా టకటకలాడుతుంది. ఇన్ని గతుకులు దాటాం... ఆ టకటక లేదు. గొలుసు చప్పుడు లేదు. గుయ్య్... అదొక్కటే. అది కూడా రోజూ వినే దూరంలో లేదు. నా భుజం దగ్గర ఉంది.

తల దించి రోడ్డు చూశాను.

నా నీడ... దాని పక్కన ఇంకొక నీడ.

రెండూ పరిగెత్తుతున్నాయి. ఒకే అడుగు. నా కుడికాలు లేస్తే దాని కుడికాలు లేస్తోంది. కానీ అది నాది కాదు. నాకంటే పొడుగు. ఎడమ చెయ్యి బయటికి విసిరి విసిరి పరిగెత్తుతోంది. నేను చేతులు ఒంటికి ఆనించి పరిగెత్తేవాణ్ణి. కళ్ళు తిప్పి పక్కకు చూశాను. ఎవరూ లేరు. గట్టు... గడ్డి... చీకటి. మళ్ళీ రోడ్డు చూశాను. ఉంది. నా చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉంది.

కాళ్ళు ఆగలేదు. ఆపాలనుకున్నా ఆగలేదు... ఎంత దూరం అట్లా పోయామో తెలియదు. రైలు గేటు ఎర్ర దీపం దూరంగా కనిపిస్తోంది.

ఆ నీడ ఆగింది.

నేను పరిగెత్తుతూనే ఉన్నాను. నా నీడ నాతోనే ఉంది. అది మాత్రం రోడ్డు మీద నిలబడిపోయింది... చేతులు కిందికి వేలాడేసుకుని. నేను దాని మీదుగా అడుగేసి ముందుకు పోయాను. ఇక నా వల్ల కాలేదు. కట్టుబాటు లేదు, ఏం లేదు. వెనక్కి తిరిగాను.

వెలుగు లేదు. సైకిలు లేదు. బావ లేడు. చీకటి... ఆ గుయ్య్‌మనే చప్పుడు మాత్రం నా చెవి పక్కన ఒక్క క్షణం ఉండి, ఆగిపోయింది.

బావా అని అరుస్తూ వెనక్కి పరిగెత్తాను. ఇందాక ప్రతి రాయీ కనిపించిన రోడ్డు మీద ఇప్పుడు నా పాదాలే నాకు కనిపించడం లేదు. గతుకుల్లో పడ్డాను. లేచాను. మళ్ళీ పడ్డాను. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. దేవా, మా అక్కకు నేనేం చెప్పాలి... అదొక్కటే నా నోట్లో.

నా అరుపులకు కల్లం దగ్గర కాపలా పడుకున్న కోటయ్య లాంతరు పట్టుకుని రోడ్డెక్కాడు. పెద్ద రైతు, మా పల్లెవాళ్ళు ఆయన చేలో పనికి పోయేవాళ్ళు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయనే అడిగాడు.

"ఏరా, ఇందాక ఇద్దరు పోయారుగా. రెండోవాడేడీ?"

"సైకిలు చూశారా అండీ? దీపం ఉన్న సైకిలు?"

"సైకిలు లేదు, దీపం లేదు. నా లాంతరు ముందునుంచే పక్కపక్కన పరిగెత్తుకుంటా పోయారు. చీకట్లో ఏం పరుగురా అని కేకేశా కూడా. మీరు పలకలా."

ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

బావ వంతెన పక్కనే ఉన్నాడు. నేను దాటిన ఆ మొదటి వంతెన. కాలవలోకి సగం జారి పడి ఉన్నాడు. మీద సైకిలు. నీళ్ళు మోకాటి లోతు కూడా లేవు గానీ, ముఖం ఆ నీళ్ళ అంచునే ఉంది. ఇద్దరం బయటికి లాగాం. బోర్లా తిప్పి వీపు మీద తట్టాం. కోటయ్య తన మొలతాడుకున్న తాళంచెవులు తీసి బావ గుప్పిట్లో పెట్టి బిగించాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నోట్లోంచి నీళ్ళు వచ్చాయి... తర్వాత దగ్గు. ఆ దగ్గు విని నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను.

కోటయ్య బండి కట్టించి గుంటూరు పెద్దాసుపత్రికి పంపించాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు అక్కడ. తెలివి వచ్చాక బావ చెప్పాడు. వంతెన మీదికి ఎక్కగానే కళ్ళు తిరిగాయట. ఒరేయ్ అని నన్ను పిలిచాడట. అంతే, ఆ తర్వాత ఏమీ తెలియదట. నేను రైలు గేటు కనిపించేదాకా వెలుగులో పోయానంటే జాలిగా చూశాడు. భయానికి నీకట్టా అనిపించిందిలేరా అన్నాడు.

ఈస్టర్ వచ్చింది. తలకు కట్టుతో బావ గుడి మెట్ల మీద కూర్చున్నాడు. పందెంలో పరిగెత్తాను. అడుగడుక్కీ వెనక్కి చూశాను. పట్టపగలు, రోడ్డు నిండా జనం, అయినా చూశాను. మూడోవాడిగా వచ్చాను. జిల్లా పోటీలు పోయాయి. అక్క నా తల నిమిరింది. తర్వాత ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నేను మళ్ళీ చీకట్లో పరిగెత్తలేదు.

ఇన్నేళ్ళుగా ఒకటే ఆలోచన. బావ నీళ్ళ అంచున పడి ఉంటే, ఆ వెలుగు నన్ను ఆయనకు దూరంగా లాక్కుపోయింది. ఆ నీడ ఆగి నన్ను వెనక్కి తిప్పింది. రెండూ ఒకటేనా? వేర్వేరా? ఒకటే అయితే అంత దూరం ఎందుకు తీసుకుపోయింది? మా పాస్టరు గారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకుంటూనే ఉన్నాను.

చాలా ఏళ్ళకు ఒకసారి బావా నేనూ ఒంగోలు పోవాల్సి వచ్చింది. మేం బస్టాండు చేరేసరికి బస్సు కదిలిపోతోంది. బావ నా చేతికి సంచీ ఇచ్చి పరుగందుకున్నాడు. నా కళ్ళెదుట. నేను మొదటిసారి చూడబోతున్నాను, ఆయన ఎట్లా పరిగెత్తుతాడో... ఎడమ చెయ్యి బయటికి విసురుతాడో లేదో.

అదే పరుగైతే, ఆ రోజు కాలవలో సైకిలు కింద పడి ఉన్నది ఎవరు? కాకపోతే, నా పక్కన పరిగెత్తింది ఎవరు?

నాకు ధైర్యం చాలలేదు. తల దించుకుని నేల చూస్తూ నిలబడ్డాను. బావ బస్సు ఆపించి, ఫుట్‌బోర్డు మీదనుంచి కేకేస్తున్నాడు... రారా, ఏం చూస్తున్నావక్కడ అని. వెళ్ళి ఎక్కాను. ఒంగోలు దాకా ఆయన పక్కనే కూర్చున్నాను.