చేతులెత్తిన ఓటు

ఏదో దేశంలో జనమంతా ఓటేసి తేల్చుకున్న మాటను ఓడినవాళ్ళు ఒప్పుకోక, మళ్ళీ ఓటు పెట్టమన్నారని ఎవరో పేపర్లో చదువుతుంటే విని, బడి మొహం చూడని నాకే సిగ్గేసింది. ఆ రోగం మా పంచాయితీకీ అంటుకుంది. పడవలు నిలిపే ఒడ్డును రిసార్టుకు ఇవ్వకూడదని గ్రామసభలో చేతులెత్తి గెలిచాం. నెల తిరక్కుండానే ఓడినవాళ్ళు మళ్ళీ సభ పెట్టిస్తామన్నారు.

మా దీవిలో మాయాబందర్ వెళ్ళే బస్సులో ఆ సంగతే కండక్టరుకు అరిచి చెబుతున్నాను. "ఓటంటే ఓటే! నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పంచడానికి ఇదేమన్నా పేకాటా?"

పక్క సీటులో ఎండుచేపల బుట్టతో కూర్చున్నావిడ నా వైపు తిరిగింది. మా పంచాయితీలోనే అవతలి బస్తీ మనిషట.

"నువ్వెటు ఎత్తేవు తాతా?"

"ఇవ్వకూడదనే. నువ్వో?"

"నేనూ అటే. మా ఆయన సేఠ్ పడవ మీద ఏటకెల్తాడు. ఒడ్డు తన పడవలకే ఉండాలని ఆ సేఠ్ నా ఎదర కుర్సీలో కూకుని నన్నే సూస్తన్నాడు. ఎత్తకపోతే రేపు పడవెక్కనిస్తాడా? రిసార్టొస్తే మా పిల్లకి నౌకరీ దొరుకుతాదని నాకాశుండేది." చెయ్యి భుజం దాకా లేపి, నవ్వి దించేసింది. "గెలిపించేం గదా, ఖుష్ రహో, సుకంగుండు!"

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆమె మీద కాదు.

ఆ మలి సభలో చేతులొద్దు, ఎవరికీ కనబడకుండా చీటీలు పెట్టండని అరిచింది నేనే. ఒడ్డు పోతే నా కొడుకు పడవ నిలిపే చోటూ పోతుంది. తెలిసే అరిచాను. ఆమె చెప్పిన సేఠ్ లేచి, ముసలాడు రిసార్టుకు అమ్ముడుపోయాడన్నాడు.

"మరి చీటీ అంటే నీకెందుకురా అంత భయం?" అన్నాను.

నాతోపాటు చేతులెత్తిన మా వాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు. మానెయ్యనీ.