మా బామ్మర్ది టీముకు పదకొండు చుక్కలు

చాయ్ తాగుకుంట వినకుండ్రి, ముక్కులకెళ్లి వస్తది. గ్లాసు పక్కకు పెట్టుండ్రి. మొన్న ఆదివారం జగిత్యాల గ్రౌండ్ల మైకు పెట్టి మరీ నా ఇజ్జత్ తీసిన్లు. గది ఎట్ల జరిగిందో చెప్త.

మీకెర్కనే గదా, కోరుట్లల నా షాపుల ఆడోళ్ల జాకెట్లు తప్ప వేరేటియి కుట్ట. చమ్కీ వర్కుల నా చెయ్యికి తిరుగులేదు. ఊరంత ఒప్పుకుంటది, మా అత్త తప్ప! ఆరేండ్ల కింద ఆమె జాకెట్‌కు ఒక చెయ్యి పొట్టిగ కుట్టిన. ఒక్కటంటే ఒక్కటే చెయ్యి! అప్పటిసంది మేడిపల్లిల మా అత్తగారింటి బట్టలు కోరుట్ల దిక్కు చూడకుంట సీదా జగిత్యాలకు పోతున్నయి.

ఇప్పుడేమో మా బామ్మర్ది నరేష్ పెండ్లి. పిల్లది సిరిసిల్ల. రెండిండ్ల ఆడోళ్ల జాకెట్లు! గవి నాకు రావాలె, గంతే. మా ఇంటామె సుజాతతోని అత్తకు ఫోన్ చేపిచ్చిన. "మొదలు తమ్ముని టీముకు బట్టలు కుట్టుమను. మంచిగ కుడితే చూద్దాం" అన్నదట అత్త.

నరేష్ రొమేనియాల గోదాముల పని చేస్తడు. మనోళ్లు ఇంతకుముందు దుబాయ్ పోయేటోళ్లు, ఇప్పుడు అటు పోతున్నరు గదా. ఆడ వానికి ఫుట్‌బాల్ పిచ్చి అంటుకున్నది. లీవుల వచ్చి, మేడిపల్లి పోరగాండ్లను జమ చేసి టీం పెట్టిండు. రొమేనియా క్లబ్బు జెర్సీ ఒకటి నా చేతుల పెట్టి, "బావా, అచ్చం గిట్లనే పదకొండు కుట్టు. క్లబ్బు గుర్తు బిల్ల మీద పేరొక్కటి మన ఊరిది రాయి" అన్నడు. "నువ్వు ఫికర్ చెయ్యకుర" అన్న.

జెర్సీ పరిచి చూసిన. ఎర్ర గుడ్డ, నడుమ బిల్ల, దాని పైన రెండంటే రెండు చుక్కలు. అరే, గంత పెద్ద క్లబ్బోళ్లు గింత పిసినారోళ్లా! ఛాతి అంత బోసిగ ఉన్నది. మన దగ్గర చంటిపిల్ల గౌనుకు సుత ఇరవై చుక్కలు అడుగుతరు. టీముల ఎందరు? పదకొండు మంది. ఇగ మనిషికొకటి చొప్పున, ఈ భుజం కాన్నుంచి ఆ భుజం దాక దండ తిప్పినట్టు, బంగారు చమ్కీతోని పదకొండు చుక్కలు కుట్టిన. ఒక్క జెర్సీకి గాదు, అన్నిటికి! రెండు రోజులు గిరాకీ అంత పక్కకు పెట్టిన.

సుజాత చూసి, "ఎందుకైనా మంచిది, తమ్మున్ని ఓసారి అడుగు" అన్నది.

"నీ తమ్మునికి చమ్కీ గురించి ఏమెర్క?" అని ఎగిరిన.

ఆదివారం మ్యాచ్‌కు జెర్సీల మూట పట్టుకొని జగిత్యాల పోయేటాళ్లకు మా మీద ఆడే సిరిసిల్ల టీమోళ్లు గ్రౌండ్ల ఉరుకుతున్నరు. కాబోయే అల్లుని ఆట చూద్దామని పిల్లదాని తల్లి సుత వచ్చింది. మా అత్త ఆమె పక్కనే కుర్చీ ఏసుకొని కూసున్నది. మూట విప్పిన. నరేష్ జెర్సీ చూసిండు, నన్ను చూసిండు, మళ్ల జెర్సీ చూసిండు.

"బావా... గివేంది?"

"చుక్కలురా! మనిషికొకటి. ఎట్లున్నయి?"

"ఓ బావో! ఆడ లీగ్ పదిసార్లు గెలిస్తె ఒక్క చుక్క పెట్టుకుంటరు! రెండు చుక్కల క్లబ్బులంటే వేళ్ల మీద లెక్కపెట్టాలె. గా చుక్కల కోసం పాత గెలుపులు మావంటే మావని కోర్టు దాక పోయినోళ్లు సుత ఉన్నరు. నువ్వు పదకొండు కుట్టినవా?"

మనసుల లెక్కేసిన. పదకొండు పదులు నూటపది. మేడిపల్లి టీం పుట్టి నెల కాలె. మొదటి మ్యాచే గిది!

ఊడదీద్దామంటే రెఫరీ విజిల్ ఊదనే ఊదిండు. మైకుల మాట్లాడే సారుకేమో ఫుట్‌బాల్ సంగతులన్ని నోటికొచ్చు. చుక్కలు లెక్కపెట్టిండు. ఇగ ఊకుంటడా? "అందరు చప్పట్లు కొట్టాలె! నూటపది సార్లు ఛాంపియన్లయిన మేడిపల్లి టీం, గియ్యాల తమ మొట్టమొదటి మ్యాచ్ ఆడుతున్నరు!" గ్రౌండంత ఒక్కటే నవ్వుడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వెనో, ఏడ్చెనో, నాకైతే తెల్వలే.

నవ్వు ఒక దిక్కు, దురద ఒక దిక్కు. జాకెట్‌కైతే లోపల లైనింగ్ ఏస్త. గీ జెర్సీల తొందరల గది మర్చేపోయిన. చెమట పట్టంగనే చమ్కీ ఛాతికి గుచ్చుకునుడు షురూ అయింది. బాల్ మీదికి వస్తుంటే మా గోల్‌కీపర్ రెండు చేతులతోని ఛాతి గోక్కుంటున్నడు. గోల్! "చేతులు ముంగటికి పెట్టురా!" అని నేను బయటికెళ్లి మొత్తుకున్న. పెట్టిండు, మళ్ల గోక్కున్నడు. గోల్! ఏడు పడ్డయి. నడుమల రెఫరీ ఆట ఆపి, వంగి, రాలిన చుక్కొకటి ఏరి, "ఎవలదయ్యా గీ పెండ్లి జాకెట్ సామాను?" అన్నడు. మా టీమోళ్లందరు నా దిక్కు చూసిన్లు. నేను ఆకాశం దిక్కు చూసిన.

తెల్లారి అత్త ఫోన్ చేసింది. అయిపాయె, జాకెట్లు పాయె అనుకున్న.

"అల్లుడా, పిల్లదాని తల్లి గా చుక్కలు చూసి మస్తు మురిసింది. పెండ్లి జాకెట్లకు గదే వర్క్ కావాల్నంటున్నది. రెండిండ్లయి!"

కుర్చీలకెళ్లి ఎగిరి లేచిన. "ఎప్పుడు పంపుతవత్తా?"

"ఆగయ్యా! ఎవలు కుట్టిన్లని అడిగింది. గంత నవ్వుల నువ్వని ఎట్ల చెప్పాలె? ఇంటల్లుని ఇజ్జత్ పోవద్దని, జగిత్యాల షాపాయన కుట్టిండని చెప్పిన. బట్ట ఆయనకే పోయింది."

చూసిన్లా నా బతుకు? చుక్కలు నావే అంటే నూటపది గెలుపులు, ఏడు గోల్స్ అన్ని నా నెత్తి మీద ఏసుకోవాలె. కావంటే జాకెట్లు పాయె. నరేష్‌కు చెప్పుకుంటే, "రొమేనియా క్లబ్బోళ్ల లెక్క కోర్టుకు పో బావా" అని నవ్వుతడు. పైనకెళ్లి వాడే నా నంబర్ గా షాపాయనకు ఇచ్చిండు! నిన్న ఆయన ఫోన్: "అన్నా, గా చుక్కల దండ ఎట్ల తిప్పినవో జర చెప్తవా?"

చెప్పిన. ఏం జేస్త, అత్తగారిల్లాయె. దారం కాన్నుంచి ముడి దాక అంత చెప్పి, చివరికి పెద్దమనిషి తీర్గ, "తమ్మీ, లోపల లైనింగ్ మాత్రం మర్చిపోకు" అన్న.

"గదెవడన్న మర్చిపోతడా అన్నా?" అన్నడు.

ఫోన్ పెట్టేసిన.